కానరాని నేల

మబ్బులో చిక్కిన విమానచోదకుని అతని చెవియే మోసగించును. వినికిడితోబాటు శరీరపు సమతూకమును తెలుపు సాధనము కూడ చెవి లోపలనే యున్నది. నేలయు దిగంతమును కనబడుచున్నంతవరకు దానివలన చిక్కులేదు. కన్నులకు తెర పడినపుడు మాత్రము దానిని నమ్మరాదు. విమానము ఒకే తీరున వంపు తిరుగుచున్నచో సుమారు 20 సెకనులలో ఆ తిరుగుడు శరీరమునకు తెలియకుండ పోవును. చోదకుడు తిన్నగా పోవుచున్నాననియే యెంచును. తరువాత విమానమును సరిచేసినచో, ఎదురు దిక్కునకు తిరుగుచున్నానని భ్రమించి మరల మొదటి వంపులోనికే దింపును. ఇట్లు నేర్పరులైన చోదకులు సైతము ఎందరో ప్రాణములు గోల్పోయిరి.

ఈ చిక్కు విప్పుటకు అమెరికాలో హ్యారీ గుగ్గెన్‌హైమ్ అధ్యక్షుడుగా నున్న ఒక విమానయాన నిధి పూనుకొనెను. ప్రయోగముల భారము జేమ్స్ డూలిటిల్ అను సైనికాధికారిపై పడెను. గగనమున సాహసములకు పేరుపడిన ఆయన 1925లో విమానశాస్త్రమున డాక్టరు పట్టము గూడ పొందియుండెను. ఈ పనికి ఆ రెండును కావలసినవే.

న్యూయార్కు సమీపమున మిచెల్ ఫీల్డు అను మైదానమున ఒక జంటరెక్కల విమానమునకు కొత్త యంత్రములు అమర్చిరి. స్పెర్రీ సంస్థవారి కృత్రిమ దిగంతరేఖ విమానపు ఒరుగుడును చూపును. కోల్స్‌మన్ యంత్రము ఎత్తును కొద్ది అడుగుల తేడాతో చెప్పును. అయినను మైదానము ఏ దిక్కున నున్నదో అవి చెప్పజాలవు. అందులకు రేడియో కావలసివచ్చెను.

నేలమీది కేంద్రము రెండు రేడియో పుంజములను కొంత యెడముగా పంపెను. ఒకదాని సంకేతము సెకనుకు 65 మారులును, రెండవదానిది సుమారు 87 మారులును స్పందించును. చోదకుని యెదుట హార్మోనియపు రీడులవంటి రెండు ఉక్కు రేకులుండెను. ఒక తంబుర మ్రోగినపుడు దానితో శ్రుతి కలిసిన వేరొక తంబుర తీగ తానును కదలును గదా! అట్లే ఒక్కొక్క రేకు తన సంకేతమునకే కంపించును. రెండును సమానముగా కంపించినచో విమానము నడిమి బాటలో నున్నది; ఒకటి హెచ్చి రెండవది తగ్గినచో పక్కకు తొలగినది. కన్ను చూడవలసిన బాటను రెండు ఇనుప ముక్కలు చూపుచుండెను.

1929 సెప్టెంబరు 24న డూలిటిల్ వెనుక ఆసనమున కూర్చుండగా పైన దట్టమైన గుడ్డ కప్పివేసిరి. ఆయనకు బయటి వెలుగు కూడ కనబడదు. ముందు ఆసనమున లెఫ్టినెంటు బెంజమిన్ కెల్సీ కూర్చుండెను. అపాయము వచ్చిన తప్ప అతడు దేనిని ముట్టరాదు. తాను నడపుటలేదని క్రిందివారికి తెలియునట్లు చేతులు కనబడనిచ్చెను. విమానము లేచెను, మలుపు తిరిగెను, రేకుల కంపనమును బట్టి మైదానమునకు వచ్చెను, దిగెను. అంతయు సుమారు 15 నిమిషములు. దిగుట అంత చక్కగా కుదరలేదని డూలిటిలే తరువాత చెప్పుకొనెను. నేలను చూడకయే దిగిన వానిని అంతకన్న నున్నగా దిగుమనుట న్యాయము కాదు.

నేటి విమానాశ్రయములలో వాడు అవతరణ సాధనమునకును ఆ రెండు సంకేతముల పోలికయే ఆధారము. రన్‌వే చివరనుండి వచ్చు 90, 150 స్పందనముల సంకేతములు కుడియెడమలను తెలుపును. రన్‌వే పక్కనుండి వచ్చు మరియొక జంట సుమారు 3 డిగ్రీల వాలును చూపును. మొదటి తరగతి సాధనము చోదకుని 200 అడుగుల ఎత్తువరకే నమ్మకముగా తెచ్చును. అచ్చట తలయెత్తి చూచినపుడు రన్‌వేగాని దాని దీపములుగాని కానరానిచో, ప్రయాణికులకు ఎంత తొందరయున్నను, విమానమును మరల పైకెత్తవలసినదే. శీతకాలమున పొగమంచు కమ్ము ఢిల్లీలో ఇంకను దిగువకు తెచ్చు మేలిరకపు సాధనములు గలవు. కాని వానిని వాడుటకు ప్రత్యేక శిక్షణ పొందని చోదకుడు ఆ మంచులో దిగరాదు. విమానమును వేరొక నగరమునకు మరల్చుకొని పోవలెను.