తాండవ తీరమునుండి లంబసింగి వనమునకు

కార్తికమాసారంభమున, వానలు వెనుకపట్టి గగనము నిర్మలమైన యొకనాడు, నర్సీపట్నమున బయలుదేరి తెల్లవారునప్పటికి తాండవ జలాశయపు గట్టుమీదికి జేరితిమి. తూర్పుకనుమలలో బుట్టి, తునినొరసి పాఱి, సముద్రమున గలియు నీ నదికి నాతవరము మండలమున గట్టిన యానకట్ట వెనుక, బురదయంచులపై నత్తగుల్ల కొంగలు బారులు దీఱియుండెను. ముక్కు మూసినను నడుమ సందు మిగిలియుండు నా పక్షులలో నొకటి, లోతులేని నీట ముక్కు ముంచి తడవి, నత్తనొకదానిని దొరకబుచ్చుకొని, నేలకదిమిపట్టి, క్రింది ముక్కుకొనను గుల్లనోట జొనిపి, గుల్లనంటియున్న కండను ద్రెంచి, మాంసమును మాత్రమే వెలికిదీసి మ్రింగెను. ఆ నేర్పును జూచుచునే ప్రొద్దెక్కెను. మునుగుడుకోళ్లను, నీటికాకులను దనివిదీఱ జూడనైతిమి.

పిదప ఘాటురోడ్డున చింతపల్లి దారిబట్టి, మూడువేల యడుగుల యెత్తుననున్న లంబసింగి జేరితిమి. చలిని జూడవచ్చు జనులలో, పక్షిశాస్త్రమున నీ కనుమలకు గల ప్రతిష్ఠ నెఱిగినవారు తక్కువ. విశాఖపట్నపు పక్షిశాస్త్రజ్ఞులు కె. యస్. ఆర్. కృష్ణరాజుగారు ఈ యడవుల బహుకాలము పరిశోధించిరి. అబొట్స్ బాబ్లర్ అను గోధుమవన్నె పొదపిట్ట, ఈశాన్యభారతమునందలి తన వారికి మిక్కిలి దూరముగా, ఇచటి సెలయేటిపొదల నొంటిగా మిగిలియున్నది. ఆ యుపజాతికి 1985లో రిప్లే, బీలర్ అను నమెరికను శాస్త్రవేత్తలు కృష్ణరాజుగారి పేరు పెట్టిరి. మన కొండలలోని పిట్ట మనవాని పేరు ధరించుటకంటె మనకు గౌరవమేమి గలదు?

కాఫీతోట యంచున నొక ముదుసలి పనసచెట్టు క్రింద నిలిచియుండగా, వెంటవచ్చిన గిరిజన యువకుడు "అదిగో బాబూ, ఆ కొమ్మ సివర సూడండి" అని మెల్లగా ననెను. ఆకులలో నాకువలె గలసిపోయిన పిట్ట. కంటిమీద లేతపసుపు గీత, ఱెక్కపై సన్నని తెల్లచాఱ. ఒక్కచో నిలువదు, ఆకు వెనుక పురుగునందుకొని మఱియొక యాకునకు దుముకును. హిమాలయాది శీతల వనములనుండి వచ్చు గ్రీనిష్ వార్బ్లర్ అదియే. పది గ్రాములైనను దూగదు. ట్రెవర్ ప్రైస్ అను పరిశోధకుడు ఈ పిట్ట శీతకాల జీవనమును బరిశీలించి 1981లో బ్రకటించెను. ఇది చలికాలమంతయు గొన్ని చెట్లను దనవిగా జేసికొని, తన జాతివానినే దఱిజేరనీయదు. మరుసటి యేటను ఆ చెట్లకే మరలివచ్చుట గలదు.

అందుచేత కాఫీరైతులకు నా విన్నపము: నీడకై సిల్వర్ ఓకు నాటుకొనుడు, కాని యడవినాటి పనసను, మఱ్ఱిని, నేరేడును నఱుకకుడు. యాత్రికులారా, ఆ చెట్లక్రింద పాటల పెట్టెలు మ్రోగింపక యొక్క గడియ నిలువుడు.