వెనక్కి తిరగడమూ విద్యే!

మంచు మీద జారడం చాలామందికి వచ్చు. దారీతెన్నూ లేని మంచుకొండను సొంత కాళ్లతో ఎక్కి, ఎవరూ చదును చేయని వాలు మీదుగా క్షేమంగా దిగిరావడం మాత్రం కొందరికే తెలిసిన విద్య. దాన్ని నేర్పడంలో పెట్టింది పేరు ఫ్రాన్స్‌లోని షామొనీ. అక్కడి గైడ్లు నేర్పే మొదటి పాఠం వేగం కాదు... అనుమానం!

ఊరు చూస్తే చిన్నదే. సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల పైచిలుకు ఎత్తులో, ఇరుకు లోయలో ఒదిగి ఉంటుంది. తలెత్తితే మాత్రం సుమారు 4,800 మీటర్ల మాంట్ బ్లాంక్ శిఖరం తెల్లగా మెరుస్తూ కనిపిస్తుంది. 1786లో ఈ ఊరివాళ్లే ఇద్దరు, జాక్ బాల్మా, మిషెల్ పక్కార్, మొట్టమొదటిసారి ఆ శిఖరాన్ని ఎక్కారు. తొలి శీతాకాల ఒలింపిక్స్ జరిగిందీ ఇక్కడే, 1924లో. అప్పట్నుంచీ మంచు ఆటలకు షామొనీ పుట్టిల్లు లాంటిదయింది.

ఊరి నడిబొడ్డున ఉన్న కేబుల్ కారు ఎక్కితే దాదాపు ఇరవై నిమిషాల్లో ఎగ్వీ ద్యు మిడి అనే రాతి శిఖరం దగ్గర దించుతుంది. ఎత్తు 3,842 మీటర్లు. అంటే ఆ కాస్త సమయంలోనే తిరుమల కొండకు మూడింతలకు పైగా ఎత్తు ఎక్కేసినట్టు! మంచును తొలిచిన సొరంగం దాటి బయటికొస్తే సన్నటి మంచు గట్టు. రెండువైపులా లోయే. స్కీలను వీపు సంచికి కట్టుకుని, ఒకరినొకరు తాడుతో ముడివేసుకుని ఆ గట్టు దిగాలి. కింద మొదలయ్యేదే వాలీ బ్లాంష్. సుమారు ఇరవై కిలోమీటర్ల పొడవున హిమానీనదాల మీదుగా సాగే దారి. కాదు, దారి అనడానికి వీల్లేదు. అక్కడ చదును చేసే యంత్రాలు ఉండవు, హద్దులు చూపే కర్రలు ఉండవు. పైన మెత్తటి మంచు, దాని కింద ఎక్కడెక్కడ పగుళ్లు ఉన్నాయో పైకి తెలియదు. మామూలు స్కీయింగుకూ ‘బ్యాక్‌కంట్రీ’ స్కీయింగుకూ తేడా ఇక్కడే మొదలవుతుంది.

ఆరు రోజుల బడి

ఈ విద్య నేర్పే కోర్సులు జనవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా నడుస్తుంటాయి. ఎక్కువగా ఐదారు రోజులవి. ఒక్కో గైడు వెంట నలుగురి నుంచి ఆరుగురు. కొత్తగా స్కీలు తొడిగినవాళ్లకు ఇక్కడ చోటు లేదు. ఫ్రాన్స్‌లో స్కీ దారులకు ఆకుపచ్చ, నీలం, ఎరుపు, నలుపు అని కష్టాన్నిబట్టి రంగులుంటాయి. ఎరుపు దారిలో ధైర్యంగా, నలుపు దారిలో పడకుండా దిగగలిగినవాళ్లనే ఉన్నత స్థాయి కోర్సుల్లో చేర్చుకుంటారు. ఆ పైన రోజుకు నాలుగైదు గంటలపాటు కొండెక్కే దమ్ముండాలి.

చదును చేసిన మంచు మీద హీరోలనిపించుకున్నవాళ్లు కూడా మొదటిరోజు మోకాలిలోతు మంచులో దొర్లిపడుతుంటారు. గట్టి మంచు మీద ఒక కాలి మీదే బరువు వేసి తిరగడం అలవాటు. మెత్తటి మంచులో అలా చేస్తే ఆ కాలు కూరుకుపోతుంది. రెండు కాళ్ల మీదా బరువు సమానంగా ఉంచి, తొందరపడకుండా మలుపు తిప్పాలి. ఎండకు పైపొర కరిగి రాత్రికి గడ్డకట్టిన మంచు ఒకరకం, గాలి కొట్టి అట్టకట్టిన మంచు ఇంకోరకం. ఒకే వాలులో వంద మీటర్లకోసారి మంచు స్వభావం మారిపోవచ్చు. ఏ మంచుకు ఎలా ఒంగాలో కాళ్లకు తెలియాలంటే పడాల్సిందే, లేవాల్సిందే!

ఎక్కడమే సగం చదువు

ఈ ఆటలో దిగడం అరగంట అయితే ఎక్కడం నాలుగు గంటలు. మరి జారిపోయే స్కీలతో పైకెక్కడం ఎలా? స్కీల అడుగున పొడవాటి పట్టీలు అతికిస్తారు. వాటి నూగు ఒకవైపే వాలి ఉంటుంది. ముందుకు తోస్తే జారుతుంది, వెనక్కి జారబోతే మంచును పట్టేస్తుంది. పిల్లి వీపు నిమిరినట్టన్నమాట... తల నుంచి తోక వైపు నిమిరితే నునుపు, తోక నుంచి నిమిరితే గరుకు. పూర్వం వీటిని సీల్ చర్మంతో చేసేవారు. ఇప్పుడు నైలాన్‌తోనో, మేక జాతి బొచ్చు అయిన మోహెయిర్‌తోనో చేస్తున్నారు. అయినా ఫ్రెంచి వాళ్లు వాటిని ‘సీల్ చర్మాలు’ అనే పిలుస్తారు.

ఎక్కేటప్పుడు బూటు మడమ పైకి లేవాలి, దిగేటప్పుడు గట్టిగా బిగుసుకోవాలి. ముందు భాగాన్ని రెండు చిన్న మొనలతో పట్టి ఉంచే తేలికపాటి బిగింపును ఆస్ట్రియాకు చెందిన ఫ్రిట్జ్ బార్టెల్ 1980ల్లో తయారుచేశాడు. బరువు బాగా తగ్గిపోవడంతో కొండలెక్కే స్కీయింగుకు ఆదరణ పెరిగింది. నిటారు వాలులో ఏటవాలుగా అడ్డంగా నడుస్తూ, మలుపు దగ్గర ఒక కాలిని గాల్లో తిప్పి ఎదురు దిక్కుకు పెట్టే విన్యాసం మరొకటి ఉంది. చూడ్డానికి తేలిక, చేస్తే ఒళ్లు హూనం. కోర్సులో దీన్నే పదేపదే చేయిస్తారు. ఎందుకంటే పైన ఇరుకుచోట తడబడితే జారేది లోయలోకే.

పది నిమిషాల గడువు

ఇక అసలు పాఠం హిమపాతం. కొండవాలున పేరుకున్న మంచు పెళ్లగా విరిగి ఒక్కసారిగా కిందికి దూసుకురావడం. ముప్ఫై నుంచి నలభై అయిదు డిగ్రీల వాలుల్లో ఈ ప్రమాదం ఎక్కువ. తమాషా ఏమిటంటే స్కీయింగుకు బాగా మజా ఇచ్చేవీ ఆ వాలులే! ప్రాణాలు తీసిన హిమపాతాల్లో అత్యధికం వాటంతట అవి వచ్చినవి కావు. అందులో చిక్కుకున్నవాళ్లో, వాళ్ల జట్టులోని వాళ్లో కదిలించినవే. పాత మంచులో పంచదార పలుకుల్లా అతుక్కోని పొర ఒకటి ఉండి, దాని మీద గట్టి పెళ్ల కూర్చుంటే చాలు... ఒక మనిషి బరువుకే అది తెగిపోతుంది. కాలు పెట్టగానే ‘ధబ్’మని కిందికి కుంగిన చప్పుడు, స్కీల ముందు నుంచి పరుగెత్తే పగులు, పక్క కొండ మీద అప్పుడే జారిన ఆనవాళ్లు... ఇవన్నీ కొండ చేసే హెచ్చరికలు.

అందుకే కోర్సులో ప్రతి ఒక్కరి ఒంటిమీదా మూడు వస్తువులు ఉండి తీరాలి. ఒకటి, 457 కిలోహెర్ట్జ్ తరంగాలు పంపే చిన్న రేడియో పరికరం. రెండోది, మడతపెట్టే పొడవాటి లోహపు కడ్డీ. మూడోది, పార. ఎవరైనా మంచులో కూరుకుపోతే మిగతావాళ్లు తమ పరికరాలను వెతికే మీటకు మార్చి, సంకేతం బలంగా వచ్చేచోటికి చేరతారు. కడ్డీతో గుచ్చి మనిషిని పసిగడతారు. ఆపై కింది వైపు నుంచి తవ్వుకుంటూ వెళతారు. గైడు ఒక సంచిలో పరికరాన్ని దాచి మంచులో పాతిపెట్టి గడియారం చూస్తూ నిలబడతాడు. మొదటిసారి చాలామందికి చేతులు వణుకుతాయి, కడ్డీ విప్పడం కూడా మరచిపోతారు. అందుకే మళ్లీ మళ్లీ చేయిస్తారు.

ఆ తొందర ఎందుకో అంకెలే చెబుతాయి. స్విట్జర్లాండ్‌లో 1981 నుంచి 2020 దాకా జరిగిన ప్రమాదాలను పరిశీలించి 2024లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం పూర్తిగా కూరుకుపోయినవారిని పది నిమిషాల్లోపు తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతున్నారు. అరగంట దాటేసరికి ఆ సంఖ్య మూడుకు పడిపోతోంది. షామొనీలో హెలికాప్టర్లతో సహా ఆరితేరిన రక్షణ దళం ఉంది. అయినా పది నిమిషాల్లో పక్కనుండేది జట్టులోని నేస్తమే కదా!

మనసే మాయలాడి

ఇంత తెలిసీ ప్రమాదాలు ఎందుకు జరుగుతున్నాయి? ఈ ప్రశ్నకు జవాబు మంచులో కాదు, మనిషిలో దొరికింది. ఇయాన్ మెక్‌కామన్ అనే పరిశోధకుడు అమెరికాలో జరిగిన 700కు పైగా హిమపాత ప్రమాదాలను తిరగేశాడు. ఎన్నోసార్లు ప్రమాద సూచనలు కళ్లెదుటే ఉన్నాయని తేలింది. ‘ఈ వాలు మనకు అలవాటే’, ‘ఇంత దూరం వచ్చాక వెనక్కెలా?’, ‘మనలో అనుభవజ్ఞుడు ఉన్నాడుగా’, ‘ఎవరో ముందే వెళ్లారు, జాడలున్నాయి’... ఇలాంటి ఆలోచనలే ముంచాయి.

దీనికి విరుగుడుగా స్విస్ గైడు వెర్నర్ మ్యూంటర్ 1990ల్లో ఓ పద్ధతి చెప్పాడు. మంచు-వాతావరణం, కొండ స్వరూపం, మనుషులు... ఈ మూడింటినీ ముందురోజు ఇంట్లో ఒకసారి, కొండ దగ్గర మరోసారి, వాలు అంచున ఇంకోసారి బేరీజు వేయాలి. ఐరోపాలో హిమపాత ప్రమాదాన్ని ఒకటి నుంచి అయిదు అంకెలతో చెబుతారు. చిత్రమేమిటంటే ఎక్కువ ప్రాణాలు పోతున్నది అయిదు ఉన్న రోజున కాదు. రెండూ, మూడూ ఉన్న రోజుల్లోనే. అయిదు ఉంటే అందరూ భయపడి ఇంట్లో ఉంటారు. మూడంటే ‘మధ్యలోదేగా’ అనుకుంటారు!

కోర్సు చివరి రెండు రోజుల్లో గైడు వెనక్కి తగ్గి, దారి ఎంపికను శిష్యులకే వదులుతాడు. ఎక్కడ ఆగాలి, ఒక్కొక్కరుగా ఎక్కడ దాటాలి, ఎక్కడ వెనక్కి మళ్లాలి... అన్నీ వాళ్లే తేల్చుకోవాలి. నాలుగు గంటలు చెమటోడ్చి ఎక్కి, కనుమ నూరు మీటర్ల దూరంలో ఉండగా ‘వద్దు, తిరిగిపోదాం’ అనడం అంత తేలిక కాదు. జట్టులో కుర్రవాడైనా సరే, ఆ మాట అంటే మిగతావాళ్లు వినాలన్నది ఇక్కడి నియమం.

గైడు వెనక రెండొందల ఏళ్లు

ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. 1820లో మాంట్ బ్లాంక్ ఎక్కుతుండగా హిమపాతానికి ముగ్గురు షామొనీ గైడ్లు బలయ్యారు. వాళ్ల అవశేషాలు నలభై ఒక్క ఏళ్ల తర్వాత, 1861లో హిమానీనదం అడుగున బయటపడ్డాయి. ఆ దుర్ఘటన జరిగిన మరుసటి ఏడాదే గైడ్లంతా సంఘంగా ఏర్పడ్డారు. అది నేటికీ ఉంది. షామొనీలోని జాతీయ శిక్షణ సంస్థలో ఏళ్ల తరబడి నేర్చుకుంటేగానీ గైడు బిళ్ల దక్కదు. అయినా కొండ లెక్క వేరు. 1999 ఫిబ్రవరిలో ఊరికి దగ్గర్లోని మోంరోక్‌లో ఇళ్ల మీదికే హిమపాతం వచ్చిపడి పన్నెండుమంది చనిపోయారు.

చదువు పూర్తయినవాళ్ల తదుపరి గమ్యం ‘హాట్ రూట్’. షామొనీ నుంచి స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ దాకా కనుమలు, హిమానీనదాల మీదుగా ఆరేడు రోజుల యాత్ర. రాత్రిళ్లు కొండ మీది వసతి గృహాల్లో బస. బూట్లు గుమ్మం దగ్గరే విప్పి అక్కడి చెప్పులు వేసుకోవాలి, పెందలాడే పడుకోవాలి, తెల్లవారకముందే లేవాలి. ఎండెక్కితే మంచు మెత్తబడి ప్రమాదం పెరుగుతుంది మరి!

‘కొండ ఎక్కడికీ పోదు, మళ్లీ రావచ్చు’ అని వెనుదిరిగినవాళ్లను ఓదార్చడం అక్కడ మామూలే. కొండ పోదు గానీ మంచు పోతోంది. వాలీ బ్లాంష్ చివర ఉండే మేర్ ద గ్లాస్ హిమానీనదం కరిగి ఎంతగా దిగిపోయిందంటే, రైలు స్టేషను దగ్గరికి చేరడానికి 500కు పైగా మెట్లు ఎక్కాల్సి వచ్చేది. ఏ ఏడాది మంచు ఎక్కడిదాకా ఉండేదో దారి పొడవునా పలకలు చెబుతాయి. చివరికి 2024లో మరింత పైన కొత్త కేబుల్ కారు పెట్టారు.

మనకూ ఉంది గుల్మార్గ్

అంతదూరం వెళ్లలేనివాళ్లకు కశ్మీర్‌లోని గుల్మార్గ్ ఉంది. కేంద్ర పర్యాటక శాఖ కింద పనిచేసే స్కీయింగ్, పర్వతారోహణ శిక్షణ సంస్థ అక్కడ మొదటి మెట్టు నుంచి నేర్పుతుంది. అఫర్వాట్ కొండ మీదికి వెళ్లే గొండోలా, మెత్తటి మంచు కోసం విదేశీయులనూ రప్పిస్తోంది. అయితే హద్దులు దాటిన వాలులు అక్కడా అంతే ప్రమాదకరం. 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలెండ్ స్కీయర్లు అక్కడే హిమపాతంలో ప్రాణాలు కోల్పోయారు. కాబట్టి వెళ్లేవాళ్లు ముందుగా చూసుకోవాల్సింది మంచు ఎంత పడిందని కాదు... వెంట గైడు, ఒంటిమీద పరికరం, వీపున పార ఉన్నాయా అని. ఆ తర్వాతే ఆట!