దుర్గం చెరువులో దీపావళి

హైదరాబాద్ హైటెక్ సిటీ దీపావళిని రోడ్డు మీద నిలబడి చూస్తే ముక్కలుగానే కనిపిస్తుంది. రెండు టవర్ల సందులోంచి ఒక తారాజువ్వ లేస్తుంది. అది విచ్చుకునేలోపే ఇంకో అద్దాల మేడ అడ్డొస్తుంది. చప్పుడు చెవిన పడుతుంది గాని వెలుగు ఎటు పోయిందో తెలియదు. మాదాపూర్, రాయదుర్గం, జూబ్లీహిల్స్ ఆకాశాలు మూడూ అడ్డూ ఆపూ లేకుండా ఒక్కచోటి నుంచి చూడాలంటే దుర్గం చెరువు మధ్యకు వెళ్ళాలి. గత దీపావళికి, చెరువులో గుర్రపుడెక్క తీసే పనివాళ్ళ చిన్న పడవలో నాకు ఆ అవకాశం దొరికింది. పండగ రాత్రి ఒడ్డున ఎండిన డెక్క కుప్పల మీద నిప్పురవ్వలు పడతాయేమోనని వాళ్ళు కాపలా ఉంటారు. వాళ్ళ అనుమతితో నేనూ వాళ్ళ పక్కన కూర్చున్నాను.

దుర్గం చెరువు నీటి విస్తీర్ణం సుమారు 83 ఎకరాలు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోటకు తాగునీరు ఇచ్చిన చెరువు ఇది. గ్రానైట్ గుట్టల చాటున ఉండటంతో చాలాకాలం చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు తప్ప పెద్దగా ఎవరికీ తెలియలేదు. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి ఇక్కడి ఐటీ భవనం సైబర్ టవర్స్‌ను ప్రారంభించాక ఈ ప్రాంతం తీరే మారిపోయింది. 2020 సెప్టెంబరు 25న చెరువు మీద తీగల వంతెన తెరిచారు. దాని పొడవు 754 మీటర్లు, నీటి మీది ప్రధాన స్పాన్ 234 మీటర్లు. ఇప్పుడు రోజూ వేలమంది ఈ నీటి మీదుగానే ఆఫీసులకు వెళ్తున్నారు.

చీకటి పడుతుండగా పడవ ఎక్కాం. పెద్దాయన వెనక కూర్చున్నాడు, ఆయన కొడుకు ముందు తెడ్డు పట్టాడు. అందరికీ లైఫ్ జాకెట్లు. "సార్, జర మెల్లగ కూసోండ్రి. పటాకులు చూసుకుంట లేచి నిలబడొద్దు, పడవ ఒక దిక్కు ఒరుగుతది" అన్నాడు పెద్దాయన. వంతెనకు కాస్త ఎడంగా, జూబ్లీహిల్స్ ఒడ్డు దగ్గరికి పోనిచ్చాడు. మధ్యలో ఆగుదామా అన్నా అని అడిగితే తల అడ్డంగా ఊపాడు. "గాలి గీ దిక్కుకెళ్ళి వస్తున్నది. మనం గిటే ఉంటే పొగంత అటు పోతది, మన మీదికి రాదు." పడవలోంచి బాణసంచా చూసేవాళ్ళకు ఇంతకన్నా మంచి సలహా లేదు. గాలి ఎటు నుంచి వస్తుందో ఆ వైపున ఉండాలి. అలా ఉంటే పొగే కాదు, కాలిన పుల్లలూ రవ్వలూ కూడా మన మీద పెద్దగా పడవు.

లంగరు వేయడం దగ్గరుండి చూశాను. కొక్కేలున్న ఇనుప ముక్కను కుర్రవాడు విసరలేదు, చేతుల్లోంచి మెల్లగా జారవిడిచాడు. అడుగు తగిలాక నీటి లోతుకు నాలుగైదు రెట్ల తాడు వదిలి, పడవను గాలికి వెనక్కి పోనిచ్చి, అప్పుడు ముందు కొయ్యకు కట్టాడు. తాడు నిటారుగా ఉంటే లంగరు పైకి లేచి ఊడిపోతుంది. ఏటవాలుగా సాగితేనే కొక్కెం బురదలో దిగి పట్టుకుంటుంది. పడవ గాలికి ముఖం తిప్పి నిలబడింది.

ఏడున్నరకల్లా గుట్టల వెనక చిచ్చుబుడ్ల వెలుగు మొదలైంది. ఎనిమిదికి ఆకాశం ఒక్కసారిగా అందుకుంది. మాదాపూర్ వైపు డాబాల మీంచి, రాయదుర్గం వైపు గేటెడ్ కమ్యూనిటీల లాన్లలోంచి, జూబ్లీహిల్స్ బంగళాల్లోంచి ఒకేసారి జువ్వలు లేచాయి. దీపావళి అమావాస్య, చంద్రుడు లేని ఆకాశంలో రంగులు మరింత చిక్కగా కనిపిస్తాయి. పైన విచ్చుకున్న ప్రతి పువ్వూ కింద నీళ్ళలో ఇంకోసారి విచ్చుకుంది. వంతెన కేబుళ్ళ వెలుగులు కూడా నీళ్ళలో పడి, రెండు వంతెనల మధ్య కూర్చున్నట్టు అనిపించింది.

రంగుల లెక్క బడిలో చదువుకున్నదే. ఎరుపు స్ట్రాన్షియంది, ఆకుపచ్చ బేరియంది, పసుపు సోడియంది, నీలం రాగిది. నీలం తెప్పించడం అన్నిటికన్నా కష్టం, వేడి ఎక్కువైతే ఆ రంగునిచ్చే రాగి సమ్మేళనం విడిపోతుంది. అందుకే చక్కటి నీలం పువ్వు అరుదు. ఆ రాత్రి అలాంటిది ఒకటి రాయదుర్గం వైపు లేచినప్పుడు కుర్రవాడు తెడ్డు వదిలి చప్పట్లు కొట్టాడు.

వెలుగుకూ చప్పుడుకూ మధ్య ఎడం నీటి మీద స్పష్టంగా తెలుస్తుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది, అంటే కిలోమీటరుకు మూడు సెకన్లు. గచ్చిబౌలి వైపు ఒక తెల్లటి మెరుపు చూసి లెక్కపెట్టాను. తొమ్మిది అనేసరికి 'ఢాం' అని వినిపించింది. మూడు కిలోమీటర్ల అవతల ఎవరి ఇంట్లోనో పిల్లలు కేరింతలు కొట్టి ఉంటారు. దగ్గరి లక్ష్మీ బాంబుల చప్పుడు మాత్రం చుట్టూ ఉన్న గుట్టల రాళ్ళకు తగిలి రెండోసారి తిరిగొచ్చింది. దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళవి.

నీళ్ళూ పడవా బాణసంచా కలిసిన పండగ తెలుగువాళ్ళకు కొత్త కాదు. విజయవాడలో దసరాకు కృష్ణమ్మ మీద అమ్మవారి తెప్పోత్సవం, భద్రాచలంలో ముక్కోటి ముందు రోజు గోదావరిపై రామయ్య తెప్పోత్సవం బాణసంచా వెలుగుల్లోనే జరుగుతాయి. సిడ్నీ రేవులో కొత్త సంవత్సరం రాత్రి వందల పడవలు లంగరేసుకుని చూస్తాయి. నీటి మీద కూర్చున్నవాడికి ఏ జువ్వ ఎవరిదో తెలియదు, అంతా ఒక్క పండగే. ఇక్కడ ఆ రాత్రి, లక్షలు పోసి కాల్చిన పెద్ద షెల్లూ, బస్తీ పిల్లలు సీసాలో పెట్టి వదిలిన చిన్న రాకెట్టూ ఒకే ఆకాశంలో పక్కపక్కన పూశాయి. ఊరు వెళ్ళలేక, అమెరికా వేళలకు పనిచేస్తూ ఆఫీసుల్లో ఉండిపోయిన పిల్లలు బాల్కనీల్లోకి వచ్చి ఫోన్ల లైట్లు ఊపారు. ఈ ప్రాంతం ఒక ఊరిలా కనిపించింది నాకు ఆ రెండు గంటల్లోనే.

తొమ్మిది దాటాక చెరువు మీద పొగ పేరుకుంది. రాత్రి నేల చల్లబడ్డాక దగ్గరి గాలి బరువై కిందే నిలిచిపోతుంది. గుట్టల మధ్య గిన్నెలాంటి ఈ పల్లంలో పొగ పైకి పోయే దారి ఉండదు. వంతెన మొదట మసకబారింది, తర్వాత అవతలి ఒడ్డు కనబడలేదు. గాలికి ఎగువన ఉన్నా గొంతు మండింది. రెల్లు పొదల్లోంచి కొంగలు లేచి, చీకట్లో దారి తెలియక పడవ పైనే చుట్టూ తిరిగాయి.

అప్పుడే పడవ పక్కన ఏదో 'టప్'మని పడింది. కుర్రవాడు వంగి తీశాడు. కాలిన రాకెట్ పుల్ల, చివర నల్లబడ్డ కాగితపు గొట్టం, దాని మీద శివకాశి ముద్ర సగం. తర్వాత అలాంటివి చాలా తీశాడు. "రేపు పొద్దుగాల బస్తాలకు బస్తాలు ఎత్తుతం సార్" అన్నాడు పెద్దాయన. పుల్లలు ఎత్తగలం, కరిగిపోయినవి ఎత్తలేం. అమెరికాలోని ఓక్లహోమాలో జులై 4 బాణసంచా తర్వాత ఒక చిన్న సరస్సు నీటిని పరీక్షించారు. 2007లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం, పెర్‌క్లోరేట్ అనే లవణం మామూలు స్థాయికన్నా కనీసం 24 రెట్లు, గరిష్ఠంగా వెయ్యి రెట్లకు పైగా పెరిగింది. మళ్ళీ మామూలు కావడానికి 20 నుంచి 80 రోజులు పట్టింది. థైరాయిడ్‌కు కావలసిన అయోడిన్‌ను అడ్డుకునే పదార్థమది.

పదిన్నరకు లంగరు లాగారు. కొక్కేలకు పట్టుకొచ్చిన బురద నల్లగా, జిగటగా, మురుగు వాసనతో ఉంది. పెద్దాయన దాన్ని నీళ్ళలో ఆడిస్తూ, "మా నాయిన చిన్నగున్నప్పుడు గీ నీళ్ళే తాగేటోళ్ళు" అన్నాడు. ఏళ్ళ తరబడి చుట్టుపక్కల కాలనీల మురుగు ఇందులో కలిసింది. ఇప్పుడు ఒడ్డున శుద్ధి కేంద్రం ఉంది. 2024 ఆగస్టులో ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే హద్దు) పరిధిలో కట్టారంటూ చుట్టుపక్కల ఇళ్ళకు రెవెన్యూ అధికారులు నోటీసులు ఇచ్చారు. చెరువుకు ఎంత చోటు ఉండాలన్న ప్రశ్న ఇంకా తెగలేదు.

చెరువు ఇప్పటికే ఇంత మోస్తోంది, దీపావళి రాత్రి దాని మీద ఇంకో బరువు వేయడం న్యాయం కాదు. పండగ మానమని నేను అనను; ఆ నీలం పువ్వు చూసి చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. సుప్రీంకోర్టు 2018 అక్టోబరు 23నే దారి చెప్పింది: ఎనిమిది నుంచి పది వరకే కాల్చాలి, బేరియం ఉన్నవీ పెద్ద లడీలూ కూడదు, కాలుష్యం తగ్గించిన గ్రీన్ క్రాకర్సే వాడాలి. పడవలోంచి చూశాను కాబట్టి చెబుతున్నాను, పది దాటాక కాల్చినవేవీ పొగలో సరిగ్గా కనిపించనే లేదు. ఆ డబ్బు వృథా, ఆ చప్పుడు పక్షులకు నరకం.

ఒడ్డు చుట్టూ ఉన్న అపార్ట్‌మెంట్ సంఘాలు చేయగలిగిన పని ఒకటుంది. ఎవరికి వారు కాల్చకుండా చందాలు వేసుకుని, నీటికి దూరంగా ఖాళీ స్థలంలో, గాలి చెరువు వైపు వీచని చోట, అందరూ కలిసి ఒక గంట కాల్చుకోవచ్చు. మర్నాడు పొద్దున పుల్లలు ఏరడానికి పనివాళ్ళతో పాటు కాల్చినవాళ్ళూ రావాలి. గోల్కొండకు నీళ్ళిచ్చిన చెరువు ఇవాళ ఐటీ కారిడార్‌కు ఆకాశాన్నిస్తోంది. దాన్ని కాపాడుకునే పని దాని ఒడ్డున పండగ చేసుకునే మనందరిదీ.