పక్కా ఇంట్లో పేదలు

తూర్పు ఢిల్లీలోని లక్ష్మీనగర్ వెళ్లినప్పుడల్లా నా చూపు మేడల పునాదుల మీదికే పోతుంది. 2010 నవంబర్ 15 రాత్రి ఇక్కడి లలితా పార్కులో బహుళ అంతస్తుల భవనం కూలి దాదాపు 70 మంది చనిపోయారు. ఎక్కువమంది పొట్ట చేతబట్టుకుని వచ్చిన వలస కూలీలే. పట్నంలో రోజుకు 32 రూపాయలు ఖర్చుపెట్టగలిగితే పేద కాదని మరుసటి ఏడాది ప్రణాళికా సంఘం సుప్రీంకోర్టుకు చెప్పింది. (ఆ డబ్బుకు ఢిల్లీలో ఏ గది దొరుకుతుందో చెప్పలేదు.) 2014లో రంగరాజన్ కమిటీ దాన్ని 47కు పెంచింది. 2021లో నీతి ఆయోగ్ తెచ్చిన బహుముఖ పేదరిక సూచీ ఇంటినీ లెక్కలోకి తీసుకుంది. నయమే. కానీ అది అడిగేది నేల, గోడలు, కప్పు దేనితో కట్టారని మాత్రమే. గదికి ఎంతమంది పడుకుంటున్నారు, పునాది అంత బరువు మోస్తుందా అన్నవి అడగదు. లలితా పార్కు భవనం ఇటుక, సిమెంటుతో కట్టిందే. ఆ కూలీలను ఈ సూచీతో కొలిచినా ఇంటి గడిలో లోటేమీ కనిపించేది కాదు.