జెమిని రెండు దిక్కుల

“గిదేందిరా, జెమిని రెండు దిక్కుల వస్తున్నది?”

హుస్నాబాద్‌లో ఓ పెద్దాయన నిన్న రిమోట్ పట్టుకొని మనవణ్ణి అడిగిన మాట ఇది. “గది హెచ్‌డీ తాతా” అన్నాడు పిల్లోడు. రెండిట్లోనూ అదే సినిమా. డబ్బులు మాత్రం రెండిటికీ పోతున్నాయి.

దేశంలో 2010 ప్రాంతంలో మొదలైంది ఈ హెచ్‌డీ పోటీ. సన్ డైరెక్ట్, టాటా స్కై, ఎయిర్‌టెల్, డిష్ టీవీ... ఎవరి ప్రకటన చూసినా ‘మా దగ్గరే ఎక్కువ ఛానళ్లు’ అనే. తెలుగులో జెమిని, మా, ఈటీవీ, జీ తెలుగు ఒకదాని వెనక ఒకటి హెచ్‌డీలోకి వచ్చాయి.

తేడా నిజమే. మామూలు బొమ్మలో 576 గీతలుంటే ఫుల్ హెచ్‌డీలో 1080. పెద్ద టీవీలో క్రికెట్ చూసేవాళ్లకు ఆ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. పాత చిన్న టీవీలో సీరియల్ చూసే ఇంటికి?

2019 ఫిబ్రవరిలో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ టీవీ ఛానళ్లకు కొత్త ధరల పద్ధతి తెచ్చింది. కావలసిన ఛానల్‌కే డబ్బు కట్టొచ్చు. మొదట్లో 130 రూపాయలు, పైన పన్ను కడితే వంద ఛానళ్ల దాకా. అయితే ఆ లెక్కలో ఒక్క హెచ్‌డీ ఛానల్ అంటే రెండు మామూలు ఛానళ్లు! ఈ ముక్క ఊళ్లల్లో ఎవరూ విడమర్చి చెప్పలేదు.

సంఖ్య పెంచే ఈ పోటీలో పెద్దవాళ్లకు దక్కింది తక్కువ.

మీ ఇంట్లో అమ్మానాన్నల ప్యాకేజీ ఒకసారి తెరిచి చూడండి. ఒకే ఛానల్ రెండుసార్లు ఉంటే ఒకటి తీసేయించండి. నెలకు ఎంత తగ్గిందో ఇక్కడ రాయండి, నలుగురికీ పనికొస్తుంది.