ఇల్లు వెంటేసుకుని ఉత్తర తీరానికి

ఇన్వర్నెస్‌లో వ్యాన్ అద్దెకిచ్చినాయన ముందుగా చూపించింది ఇంజనూ కాదు, పరుపూ కాదు, మరుగుదొడ్డి. వ్యాన్ పక్కనున్న చిన్న తలుపు తీసి, అడుగున అమర్చిన ప్లాస్టిక్ డబ్బాను చక్రాల సూట్‌కేసులా బయటికి లాగాడు. నిండకముందే ఖాళీ చేయాలనీ, అందుకోసం కట్టిన చోటే పారబోయాలనీ రెండుసార్లు చెప్పాడు. మా వారు మొహం తిప్పుకున్నారు. నేను శ్రద్ధగా విన్నాను, ఆ పని ఎవరి నెత్తిన పడుతుందో తెలుసు కనుక.

స్కాట్లాండ్ ఉత్తర తీరం చుట్టి మళ్లీ ఇన్వర్నెస్‌కే చేర్చే 516 మైళ్ల దారి ఇది. 2015లో నార్త్ కోస్ట్ 500 అని పేరు పెట్టి ప్రచారం చేశాక వ్యాన్లు పోటెత్తాయి. అందులో మాదొకటి.

"స్కాట్లాండ్‌లో ఎక్కడైనా పడుకోవచ్చు" అని మనవాళ్లు ధీమాగా చెప్తుంటారు. సగమే నిజం. 2003 నాటి భూసంస్కరణ చట్టం ఆ హక్కు ఇచ్చింది నడిచో, సైకిల్ తొక్కో వచ్చి డేరా వేసుకునేవాళ్లకి. మోటారు బండికి ఆ హక్కు లేదు. రోడ్డు పక్కన వ్యాన్ ఆపి మనం నిద్రపోతున్నామంటే ఊరివాళ్లు చూసీ చూడనట్టు ఊరుకున్నారన్నమాటే. అందుకే చీకటి పడేవేళకి చేరి, పొద్దున్నే కదిలిపోయేవాళ్లం. కుర్చీలు బయట వేయలేదు. గడ్డి మీదికి చక్రం ఎక్కించలేదు. పొలం గేటుకి అడ్డం పెట్టలేదు. అప్పటికే ఒక వ్యాన్ ఉన్న చోట ఆగకుండా ముందుకెళ్లాం.

మనలాగే అక్కడా ఎడమ పక్కనే నడపాలి, ఆ బెంగ లేదు. కానీ చాలా చోట్ల ఒక్క బండి పట్టే రోడ్డే. ఎదురుబండికి దారివ్వడానికి మధ్యమధ్య కాస్త వెడల్పు చేసి ఉంచుతారు. అక్కడ ఆపి టీ కాచుకునేవాళ్లని చూశాను. ఆ దారినే అంబులెన్సూ రావాలని వాళ్లకి తట్టదేమో! 626 మీటర్ల ఎత్తుకెక్కే బీలాఖ్ నా బా కనుమ మొదట్లో పెద్ద వాహనాలు వద్దని బోర్డుంది. మా వారికి ఎక్కాలనే ఉంది. "ఏవండీ, బోర్డు మనకోసమే పెట్టారు" అన్నాను. షీల్డెగ్ మీదుగా తీరం వెంట తిరిగి, కనుమ అవతలున్న యాపిల్‌క్రాస్ చేరాం. దూరమైతే దూరం, సముద్రం పక్కనే ఉంది.

వంట సంగతి. వ్యాన్ వెనక ఉండే బ్యాటరీ లైట్లకీ ఫోన్లకీ సరిపోతుంది, రైస్ కుక్కర్‌ని మోయదు. చిన్న ప్రెషర్ కుక్కర్ గ్యాస్ మీద పెట్టుకోవాలి. బండి కదిలేముందు సిలిండర్ కట్టేయాలి. తిరగమోత వేయాలంటే కిటికీ తెరవాలి, తెరిస్తే మిడ్జెస్ వస్తాయి. మన దోమలో పిసరంత కూడా ఉండవు, గుంపుగా వచ్చి తలలో దూరి కుడతాయి. గాలి వీస్తుంటే ఎగరలేవు. కాబట్టి చెట్ల చాటు, నీళ్లు నిలిచిన చోటు వదిలేసి గాలి తగిలే తీరం చూసుకోండి.

రెండు మూడు రాత్రులకోసారి క్యాంప్‌సైట్‌కి డబ్బు కట్టడమే మర్యాద. డర్నెస్‌లో సాంగో సాండ్స్ కొండ అంచున మేం ఆగింది అందుకే. అక్కడే నా డబ్బా ముహూర్తం. గొట్టం కిందికి వంచి, గాలి బటన్ నొక్కి పట్టుకుని పోస్తే చిందకుండా సాఫీగా పోతుంది. నొక్కకపోతే గుటగుటమని మీదికే చిమ్ముతుంది. రెండుసార్లు కడిగి, కాసిని నీళ్లూ నీలం మందూ పోసి మళ్లీ లోపలికి తోయాలి. ఆ మందు కలిసిన నీళ్లు మామూలు టాయిలెట్లో పోయకూడదు. పల్లెల్లో ఉండేవి సెప్టిక్ ట్యాంకులు, ఆ మందుకి వాటిలో మురికిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు చస్తాయి. గిన్నెలు కడిగిన నీళ్లూ అంతే, గడ్డిలోకి వదలొద్దు.

వెళ్లేవాళ్లు జూలై, ఆగస్టు మానుకుని మే నెల చూసుకోండి. పగలు పొడుగు, మిడ్జెస్ ఇంకా ముదరవు, రోడ్డు మీద రద్దీ తక్కువ. ఉప్పూ పప్పూ వెంట తీసుకెళ్లినా, పాలూ బ్రెడ్డూ మాత్రం దారిలో ఊరి కొట్లోనే కొనండి.