అపరాధ పరిశోధన

వారపత్రిక వచ్చిన రోజున మా యింట్లో చిన్న యుద్ధమే జరిగేది. సీరియలు ముందు అమ్మ చదవాలి. ముఖచిత్రం చింపకుండా దాచుకోవాలని తమ్ముడి పంతం. నాకు మాత్రం చిలకలూరిపేటలో అద్దెకు దొరికే డిటెక్టివ్ నవలలంటేనే ప్రాణం. తెనాలిలో పుట్టిన కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ హంతకుణ్ణి పట్టుకునేదాకా అన్నం సయించేది కాదు.

మొన్న ఏడాది కారానికి మిరపకాయల తొడిమలు తీస్తూవుంటే మా మేనకోడలు వచ్చి పక్కన కూర్చుంది. గుంటూరులో ఇంజనీరింగు చదివిన పిల్ల. తానూ అలాంటి నవలే రాస్తున్నానని కథ చెప్పింది. ఫోనులో పరిచయమైన కుర్రవాడు ప్రేమించానన్నాడు. అమ్మాయి వద్దన్నది. వాడు వదలలేదు. మొదటి పేజీలోనే హత్య.

“చంపినవాడెవడో నాకు తెలిసిపోయిందే!” అన్నాను.

“అందరికీ తెలుసత్తా. నా నవలలో మిస్టరీ అది కాదు. వాడు వెంటపడుతున్నాడని ముందే తెలిసినవాళ్లెందరు, వాళ్లంతా యేం చేశారు, అదీ.”

నాకు 2021 ఆగస్టు 15 గుర్తుకు వచ్చింది. ఆనాడు గుంటూరులో ఇన్‌స్టాగ్రాంలో పరిచయమైన యువకుడు ఒక ఇంజనీరింగు విద్యార్థినిని పట్టపగలు, నడిరోడ్డు మీద కత్తితో పొడిచి చంపాడు. సి.సి. కెమెరాలో అంతా పడింది. యుగంధర్‌కు అక్కడ పనే లేదు. 2022 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు మరణశిక్ష విధించింది.

మేనకోడలి ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. ఎందుకో చెబుతాను.

1978లో నేను బి.ఎ. మొదటి సంవత్సరం. ఒక అబ్బాయి మూడు నెలలు బస్‌స్టాండు నుంచి కాలేజీదాకా సైకిలు మీద నా వెంట వచ్చాడు. ఉత్తరం యిస్తే చింపి చేతిలో పెట్టాను. మర్నాడు మరొకటి. “అదృష్టవంతురాలివే!” అన్నారు స్నేహితురాళ్లు. వాళ్లనేం లాభం? మేం మురిసిపోతూ చదివిన సీరియళ్లలో నాయిక మొదట్లో ఛీకొట్టిన వాణ్ణే ఆఖరున పెళ్లాడేది. వెంటపడడం నేరమని చట్టంలో ప్రత్యేకంగా చేర్చింది 2013లో. మా రోజుల్లో దాని పేరు ప్రేమ.

నాన్నగారికి తెలిసింది. ఆ అబ్బాయిని పిలిచి ఒక్క మాట అనలేదు. నన్ను కాలేజీ మానిపించారు. “నువ్వేం చేశావే?” అని అమ్మ రహస్యంగా అడిగింది. ఆ యేడు పత్తితీతలు ముగిశాక నా పెళ్లి కుదిర్చారు. పెళ్లి మంచిదే, ఆయన మంచివారే. కాని చదువు చదువే కదా.

ఇదంతా యెన్నడూ యెవరికీ చెప్పనిది, తొడిమలు తీస్తూ చెప్పేశాను.

“మరి ఆ అబ్బాయి యేమయ్యాడత్తా?”

“బి.ఎ. పాసయ్యాడు.”

మేనకోడలి చేయి ఆగింది. చాలాసేపటికి, “ఇది నా నవలలో రాసుకోనా?” అన్నది.

“ఊరి పేరు మార్చు,” అన్నాను. కొంతసేపు పోయాక నేనే మళ్లీ, “వద్దులే, ఉండనీ,” అన్నాను.